నీడ బావ

పర్వత్ పాటియాలో మా సొసైటీ గేటు పక్కన పొద్దున తొమ్మిదింటికి ఒక ఎర్ర స్విఫ్ట్ స్టార్టవుతుంది. పదిహేను అడుగులు ముందుకెళ్లి ఆగిపోతుంది. పదకొండున్నరకు మళ్లీ స్టార్టవుతుంది, ఈసారి వెనక్కి. కొత్తగా అద్దెకు దిగినవాళ్లు ఎవరో డ్రైవింగ్ నేర్చుకుంటున్నారనుకుంటారు. కాదు. మా బావ నీడ వెంట కారును మేపుకుంటున్నాడు.

బావ అంటే దగ్గరి చుట్టమేమీ కాదు. సిరిసిల్ల, కరీంనగర్, వరంగల్ వైపుల నుంచి మగ్గాల పనికి సూరత్ వచ్చి స్థిరపడ్డ పద్మశాలీలం. లింబాయత్ నుంచి పర్వత్ పాటియా దాకా వరస కలవని మనిషి దొరకడమే కష్టం. మేం మగ్గాల దగ్గరే ఆగిపోతే ఈయన మాత్రం రంగుల మిల్లులో చేరి డైయింగ్ మాస్టర్ అయ్యాడు. పాలిస్టర్‌కు రంగు ఊరికే పట్టదు. జెట్ మిషన్‌లో వేసి, మూత బిగించి, 130 డిగ్రీల వేడిలో ఉడికిస్తే తప్ప దారంలోకి దిగదు. రోజూ రాత్రి పాళీలో ఆ మిషన్ పక్కన నిలబడే మనిషి, పగలు 40 డిగ్రీల ఎండను చూసి వణికిపోతాడు. తన ఒంటికోసం అనుకునేరు. తను బనీనుతోనే తిరుగుతాడు. భయమంతా బానెట్ గురించి.

తెల్ల కారు కొంటే ఈ బాధే ఉండేది కాదు కదా అన్నాను ఒకసారి.

"తెల్లదా? అది గ్రే తాకా లెక్క, రంగెక్కని గుడ్డ. పుట్టినకాడికెల్లి మందికి రంగులేస్తున్న. నాకు తెల్లదా?"

దానికి నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు.

ఎరుపు ఎందుకు వెలిసిపోతుందో బావకు తెలుసు. "నీలం దిక్కు వెలుగును మింగి ఎర్రదాన్ని బయటికి ఉమ్ముతది. మింగేదాంట్లనే బలమెక్కువ. రోజూ మింగంగ మింగంగ పేగులు తెగుతయి." పుస్తకాల్లో పేగులని ఉండదు, అణువుల్లోని బంధాలని ఉంటుంది, మిగతాదంతా సరే. ఒకప్పటి ఎర్ర కార్లు గులాబీ రంగుకు దిగి, చెయ్యి పెడితే సుద్దలా అంటుకున్నది అందుకే. 1958లో డ్యూపాంట్ కంపెనీ క్వినాక్రిడోన్ రంగులు అమ్మకానికి తెచ్చింది. ఆ తరవాత ఇంకా మొండి ఎరుపులు వచ్చాయి. ఇప్పుడు చాలా కార్లకు రంగుమీద అద్దంలాంటి క్లియర్ కోటు వేసి, అందులో అతినీలలోహిత కిరణాలను పీల్చే మందు కలుపుతారు. కాబట్టి భయపడకు బావా అని చెప్పి ఊరుకుంటే పోయేది. ఆ పొర మామూలుగా మన వెంట్రుక మందం కూడా ఉండదని నోరు జారాను.

"వెంట్రుకంత గూడ లేదా?" అని మంచమ్మీద కూలబడ్డాడు. ఆ పాపం నాదే.

బట్టల ల్యాబుల్లో ఎండకు రంగు ఎంత నిలుస్తుందో చూడడానికి ఎనిమిది నీలం ఉన్ని పీలికలుంటాయి. ఒకటో నంబరు చప్పున వెలుస్తుంది, ఎనిమిదోది మొండిఘటం. బావ మనుషులకు కూడా అదే కొలత పెడతాడు. "ఆ సేఠ్ మాట రెండో నంబరు, వారంల తేలిపోతది." కారు ఏ నంబరో తేలాలి కాబట్టి టచప్ రంగు తెచ్చి ఒక రేకుముక్కకు పూశాడు. దాన్ని సగం వరకు రొట్టెలు చుట్టే వెండి కాగితంతో కప్పి, తేదీ రాసి టెర్రస్ పిట్టగోడకు కట్టాడు. ఆదివారం వస్తే కాగితం విప్పి, ఒక కన్ను మూసి, కప్పిన సగాన్నీ కాలిన సగాన్నీ చూస్తాడు. నాకెప్పుడూ తేడా కనపడలేదు. బావకు ప్రతి వారం కనపడుతుంది.

పక్కనే మిరపకాయలు ఎండబోసిన అక్క ఒకసారి తలెత్తింది. "నా మిరపకాయలు గూడ ఎర్రగనే ఉన్నయి. వాటికెవడు కవర్ కుట్టిండు?"

కవర్ సంగతి చెప్పలేదు కదా. బజార్లో దొరికేది పల్చగా ఉందని, మచ్చపడి సెకండ్స్‌లో పోయిన చీరలు ఆరు తెచ్చి, రెండు పొరలుగా కుట్టించాడు. డిక్కీ మీద చిలకపచ్చ, తలుపుల మీద గులాబీ పూలు, బానెట్ మీద జరీ అంచు. పిల్లలు కారుకు శ్రీమంతమని చప్పట్లు కొట్టారు. రెండు నెలలకు డిటెయిలింగ్ షాపు కుర్రాడు మొబైల్ లైటు వేసి చూపించాడు: బానెట్ నిండా సాలెగూడులాంటి సన్నగీతలు. దుమ్ము తుడవకుండా కవర్ కప్పితే, గాలికి అది ఊగినప్పుడల్లా గరుకు కాగితం రుద్దినట్టేనట. రెండు నెలల్లో ఎండ చెయ్యని పని చీరలు చేశాయి.

దాంతో కవర్ అటకెక్కింది, బావ వేపచెట్టు కిందికి చేరాడు. వేపచెట్టు మీద కాకులుంటాయి. పిట్టల రెట్టలో యూరిక్ ఆమ్లం ఉంటుంది; ఎండకు పొర మెత్తబడి ఉబ్బి, చల్లబడేటప్పుడు ఆ రెట్ట చుట్టూ బిగుసుకుంటుంది. కడిగినా గుంటలాంటి మచ్చ మిగులుతుంది. అందుకని బావ తడిగుడ్డ పట్టుకుని చెట్టు కింద కుర్చీ వేసుకున్నాడు. కుర్రాడు చెప్పిన అసలు మందు చాలా సాదాగా ఉంది: నీడలో కడుగు, మూడు నెలలకోసారి మైనం పట్టించు, రెట్ట పడితే వెంటనే తీసెయ్. ఇంత సులువైనదాన్ని బావ ఎలా నమ్ముతాడు?

సూరత్ కర్కాటక రేఖకు కొంచెం దక్షిణాన ఉంది. ఏడాదిలో రెండుసార్లు, మే నెలాఖరున, జూలై నడిమిలో, మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికొస్తాడు. జూలైలో మబ్బులు అడ్డుంటాయి. మే నెలలో మాత్రం గోడ తన నీడను తన కాళ్లకిందే పెట్టుకుంటుంది. కిందటేడు ఆ పూట బావ గల్లీ గల్లీ తిరిగి, ఒక పెళ్లి మండపం షెడ్డు కింద కారు పెట్టి, ముక్కూమొహం తెలియని మార్వాడీల పెళ్లిలో మూడున్నర దాకా కూర్చున్నాడు. భోజనం బాగుందట.

ఈ వేసవిలో వరంగల్లో మేనల్లుడి పెళ్లి వచ్చింది. అసలు కారు కొన్నదే ఊరికి పోవడానికి. "గంత దూరం ఎండల నడిపిస్తామా?" అని నవజీవన్ ఎక్స్‌ప్రెస్‌కు టికెట్లు తీశాడు. స్టేషన్‌కు ఆటోలో పోతూ తాళంచెవి, ఒక కాగితం నా చేతిలో పెట్టాడు. కాగితంలో టైములూ, గోడలూ.

మరునాడు మధ్యాహ్నం ఫోన్ మోగింది. రైలు విదర్భలో ఎక్కడో ఉంది.

"తమ్మీ, నీడ ఏడిదాక వచ్చింది?"

చెప్పేలోపే అక్క ఫోన్ గుంజుకుంది. "దాని సంగతి ఇడిసిపెట్టు తమ్మీ. నేను ఎర్రచీర కట్టుకున్ననని ఈయన కిటికీలన్ని మూసిండు. గాలాడక సస్తున్నం."

వెనక నుంచి బావ గొంతు వినపడుతూనే ఉంది: "అది మూడో నంబరు చీరనే, నీకెరుక లేదు!"