ఎర్రజొన్న చుట్టం

హైదరాబాద్‌లో చదువుకునే సూడాన్ కుర్రాడొకడు నిజామాబాద్ జిల్లా బాల్కొండ వచ్చాడనుకుందాం. బస్సు దిగగానే సెల్ఫీలు. ‘గీ పోరడు ఆఫ్రికా దేశపోడట’ అని ఒకరు. అది ఖండమని చెప్పేలోపే జుట్టు పట్టి చూసేవాళ్లు ఇంకొకరు. దుబాయి నుంచి దిగిన కాక ఒక్కడే సలామ్ చెప్పి, వచ్చీరాని అరబ్బీలో ‘తిన్నవా బిడ్డా’ అని అడుగుతాడు. (పరాయి గడ్డ మీద పదిమందితో ఒకే గదిలో పడుకున్నోడు కదా!)

చేలో ఎర్రజొన్న చూసి కుర్రాడు మురిసిపోతాడు. జొన్న పుట్టిల్లు వాళ్ల వైపే మరి. ఆ వలసదారును మనం ఏనాడూ వీసా అడగలేదు. గిట్టుబాటు ధర అడిగిన రైతునే రోడ్డు మీద కూర్చోబెట్టాం.

2019లో నిజామాబాద్ లోక్‌సభకు 185 మంది పోటీ, అందులో 178 మంది రైతులేనంటే వాడు నోరెళ్లబెడతాడు. అసలు ఎన్నికలకే మొహంవాచిన దేశం వాడిది. పసుపు, ఎర్రజొన్న ధర అడగడానికి మనవాళ్లకు నామినేషనే దిక్కయిందని చెబితే నమ్మడు.

బోధన్‌లో 2015 చివర మూతబడ్డ చక్కెర ఫ్యాక్టరీ మాత్రం చూపించకండి. ‘ఎప్పుడు తెరుస్తారు?’ అంటాడు. మన దగ్గరున్నది ఎన్నికల తేదీ ఒక్కటే.