గట్టిమేళానికి చార్జింగ్ అయిపోయింది

తెలుగు పెళ్లిలో సన్నాయి మేళానికి ఇప్పటికీ చోటుంది, శుభలేఖ మీది బొమ్మలో. మండపంలో ఆ చోటు డీజే పెట్టెలది. ఒకప్పుడు పురోహితుడు చెయ్యెత్తితే డోలు మోగేది. ఇప్పుడు ముందు ఫొటోగ్రాఫర్ తలూపాలి, ఆ తర్వాత ఎవరో సెల్‌ఫోన్‌లో మంగళవాద్యం నొక్కుతారు. మూడుముళ్ల మధ్య సబ్బు ప్రకటన వచ్చినా అక్షింతలు పడిపోతాయి.

గుళ్లలో వ్యవహారం ఇంకా సులువు. మీట వేస్తే డోలూ గంటా వాటంతటవే మోగే మోటారు యంత్రం వచ్చింది. దానికి రాగం రాదు, జీతం అడగదు. రెండో గుణం ముందు మొదటి లోపం ఎవరికీ వినిపించదు.

రాగం వచ్చినవాళ్లేమో ఊరు దాటారు. ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టిన నాదస్వర విద్వాంసుడు షేక్ చినమౌలానా శ్రీరంగంలో స్థిరపడి, 1998లో సంగీత కళానిధి అయ్యారు. ఆయన శిష్యులు షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులూ ఆ ఊరే చేరారు. వారికి 2020లో పద్మశ్రీ దక్కింది, తమిళనాడు జాబితాలో. తెలుగువారి వాటాకు ‘మనవాళ్లే’ అని చెప్పుకునే హక్కు మిగిలింది. దానికి ఖర్చు లేదు మరి!

సన్నాయి మేళాన్ని ఆదరించే మార్గాలు దేవరహస్యాలు కావు. బయానా ముందే ఇవ్వడం, కూర్చోబెట్టి మైకు పెట్టడం, మేళగాళ్లను ఆఖరి పంక్తికి నెట్టకపోవడం, కీర్తన సగంలో ఉండగా సినిమా పాట అడగకపోవడం. నాలుగోది మరీ కష్టమైతే మొదటి మూడూ చేసినా చాలు.