మొదటి పేజీని పాడుచేసేదెవరు?

పుట్టినరోజుకు, గృహప్రవేశానికి, ఉద్యోగ విరమణకు, ఆఖరికి ఆసుపత్రి నుంచి ఇల్లు చేరినవారి పరామర్శకు సైతం, బత్తాయిల సంచికి బదులుగా అట్టమీద గుడ్లగూబ బొమ్మ ఉన్న నోటుపుస్తకాన్ని చేతిలో పెట్టే ఆచారం ఏలూరు, తాడేపల్లిగూడెం పట్టణాలలో కొంతకాలంగా ప్రబలుతున్నది. బత్తాయిలు రెండు రోజులలో రసమైపోయేవి గనుక వాటివల్ల గృహస్థుకు దీర్ఘకాలికమైన బాధ ఉండేది కాదు. నోటుపుస్తకం మాత్రం బీరువాలో చేరి, తలుపు తీసినప్పుడల్లా రెండు గుండ్రటి కళ్లతో 'ఇంతవరకు ఏం రాశావు?' అని నిలదీస్తూనే ఉంటుంది.

ఈ వస్తుజాలాన్ని దుకాణదారులు 'క్రియేటివ్ స్టేషనరీ' అని వ్యవహరిస్తారు. స్టేషనరీ అనగా రాతకోతలకు కావలసిన సరంజామా. దాని ముందు 'క్రియేటివ్' అనే విశేషణం చేరగానే ధర పెరిగి రాత ఆగిపోతుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తున్నది. మీసాలున్న టీకప్పు, ముళ్లచెట్టు ఆకారపు పెన్ను, దోసె ఆకారపు రబ్బరు, కళ్లజోడు పెట్టుకున్న గుడ్లగూబ మొదలైనవి ఈ వర్గంలో ముఖ్యమైనవి. గుడ్లగూబ గ్రీకుల ఎథీనా దేవత పక్షి కావడంచేత పాశ్చాత్యులకు అది జ్ఞానచిహ్నమైనది. ఉత్తరాదిన లక్ష్మీదేవికి వాహనమైనది. గోదావరి జిల్లాలలో మాత్రం అది ఇంట్లో దూరితే ఇల్లు ఖాళీ చేసి కొన్నాళ్లు వేరొకచోట తలదాచుకోవాలని పెద్దలు చెప్పే పక్షి. ప్రేరణ కోసం ఇచ్చిన కానుక ప్రస్థానానికి ముహూర్తం అడిగేలా చేయడం దాతల ఉద్దేశం కాకపోవచ్చు.

ఇదే కోవకు చెందిన మరొక వస్తువు వాషీ టేపు. జపానులో చేతితో తయారుచేసే కాగితాన్ని 'వాషీ' అంటారు. ఆ తరహా కాగితానికి జిగురు పూసి, పూలో పిల్లులో అచ్చువేసి చుట్టచుట్టిన పట్టీయే వాషీ టేపు. దినచర్య పుటల అంచులను దానితో అలంకరించి తద్వారా మనసును ఉల్లాసపరచుకోవాలని శాస్త్రం. తాడేపల్లిగూడెంలో అది టీవీ రిమోట్ వెనుక మూత ఊడి బ్యాటరీలు జారిపోకుండా కాపాడుతున్నది, ఆ పనిని చక్కగా చేస్తున్నది గనుక దానిమీద ఫిర్యాదు లేదు. చుక్కల పేజీల నోటుపుస్తకం కథ కూడా కొంత నయమే. గీతలకు బదులుగా వరుస చుక్కలు ఉండే ఈ పేజీలకు రైడర్ క్యారల్ అనే అమెరికా డిజైనర్ 2013లో లోకానికి పరిచయం చేసిన 'బుల్లెట్ జర్నల్' పద్ధతి, అనగా పనులను చుక్కలు, గుర్తులతో పద్దు వేసుకునే పద్ధతి, గొప్ప గిరాకీ తెచ్చిపెట్టింది. పదిహేను చుక్కలు, సందుచుక్క, ఎనిమిది వరకు అని ఒక్క వాక్యంలో ధనుర్మాసపు వాకిలి మొత్తాన్ని రచించగల ఇల్లాలి ముందు ఆ పేజీ తెరిచినప్పుడు, ఆమె అందులో ముగ్గులు వేసి చూసుకుని, కాగితం నున్నగా ఉన్నదని మెచ్చుకున్నది. ఈ సంతతిలో సద్వినియోగమైన నోటుపుస్తకాలు దాదాపుగా ఇవే.

మిగిలినవన్నీ ఖాళీ. ఈ ఖాళీకి కారణం సోమరితనమని దాతలు భావిస్తారు గాని అది అన్యాయం. ఇంత మంచి పుస్తకంలో రాయదగినంత మంచి మాట ఇంకా తట్టలేదన్న వినయం ఒకటి, నీలం ఇంకు పెన్నుతో మొదలుపెట్టి మధ్యలో నలుపు వాడవలసివస్తే ఎలా అన్న దూరదృష్టి ఒకటి, మొదటి పేజీలో కొట్టివేత పడితే పుస్తకమంతా పాడైపోతుందన్న భయం ఒకటి కలిసి మనిషిని మూత తీసిన పెన్నుతో పావుగంట కూర్చోబెట్టి, చివరకు పేరు, ఊరు రాయించి లేపుతాయి. పుస్తకం పట్టీలో ఇమిడ్చిన పెన్ను బాగుంటే భయం రెట్టింపవుతుంది. రాజమండ్రిలో 1932 నుంచి ఫౌంటెన్ పెన్నులు చేస్తున్న రత్నం వారు స్వదేశీ వస్తువుగా తమ పెన్నును గాంధీజీకి సమర్పించినప్పుడు, 1935లో ఆయన ఆ పెన్నును వాడి చూసి ఉత్తరం రాశారు. పెన్ను చేసినవానికి అంతకు మించిన మర్యాద లేదు. ఈనాటి మంచి పెన్నులు వాటి పెట్టెలలోనే భద్రంగా ఎండిపోతున్నవి.

వాస్తవానికి ఈ ప్రాంతపు ఆలోచన ఏనాడూ శుభ్రమైన కాగితం మీద పుట్టలేదు. వెనుకటికి రాతసామగ్రి చెరువుగట్ల మీదే పెరిగేది. తాటాకు మీద గంటంతో తిన్నని గీత గీస్తే ఆకు చీలుతుంది గనుక తెలుగు అక్షరం గుండ్రదనాన్ని సంతరించుకున్నదని పండితులు చెప్పే మాట ప్రసిద్ధం. అనగా లిపి అందమంతా సామగ్రి పెట్టిన బాధలోంచి వచ్చినదే. ఇప్పటికీ తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్టులో బస్తాల లెక్క సిగరెట్టు పెట్టె లోపలి అట్టమీద తేలుతుంది; వడ్రంగి మేస్త్రి చెవిమీది పెన్సిలు తీసి అలమర కొలతలను ఆ అలమర కాబోయే చెక్కమీదనే రాస్తాడు; కొల్లేరు చేపలచెరువు కాపలాదారు మేతబస్తాల సంఖ్యను షెడ్డు గోడకు సుద్దతో అప్పగిస్తాడు. 2022 ఏప్రిల్ 4న ఏలూరు జిల్లా ఏర్పడినప్పుడు ఈ సంప్రదాయానికి ప్రభుత్వపక్షాన అనుకోని సహాయం లభించింది: ఏలూరులో 'పశ్చిమ గోదావరి జిల్లా' అని, కైకలూరులో 'కృష్ణా జిల్లా' అని అచ్చయిన లెటర్‌హెడ్లు, బిల్లు పుస్తకాలు, రబ్బరు స్టాంపులు ఒక్క ఉదయంలో తప్పులైపోగా, తాడేపల్లిగూడెం మాత్రం భీమవరం కేంద్రంగా మిగిలిన పశ్చిమ గోదావరిలోనే ఉండిపోయి తన కాగితాలను కాపాడుకున్నది. తప్పైపోయిన కాగితం వెనుకభాగమంత స్వేచ్ఛగా ఆలోచించనిచ్చే వస్తువును ఏ డిజైనరూ ఇంతవరకు రూపొందించలేదు.

ఈ సందర్భంలో గోడ క్యాలెండరును ప్రస్తావించక తప్పదు. ప్రస్తావించిన తరువాత దానిని తగిలించిన మేకును విస్మరించడం కుదరదు. ఏలూరు పేరుతో ముడిపడిన ప్రచురణ సంస్థ వెంకట్రామా అండ్ కో. పాఠ్యపుస్తకాలతోపాటు ఆ పేరు తెలుగు ఇళ్ల గోడలకు ఎక్కినది క్యాలెండరు రూపంలో. ఒక్కొక్క తేదీకి ఒక గడి, ఆ గడిలో తిథి, నక్షత్రం, వర్జ్యం, దుర్ముహూర్తం, సెలవైతే ఎర్ర అంకె, ఇవన్నీ చీమలబారు వంటి అచ్చులో ఇమిడిపోయిన తరువాత కూడా మిగిలిన బొటనవేలి గోరంత జాగాలో గృహిణి పాలు అర లీటరు ఎక్కువ పోయించుకున్న సంగతి, గ్యాసు సిలిండరు మార్చిన రోజు, ఇస్త్రీకి వేసిన బట్టల సంఖ్య రాయగలుగుతుంది. పాలు రానిరోజు అడ్డగీత, రెండుపూటలా రానిరోజు ఇంటూ గుర్తు, పాలవాడితో మాటపట్టింపు వచ్చిన రోజు కాగితానికి చిల్లు. డిజైనర్లు 'తెల్లజాగా' అనే పేరిట, పుటలో ఖాళీని వదలడమే కళ అని బోధిస్తారు. ఈ క్యాలెండరు ఆ సూత్రాన్ని ఆమూలాగ్రం ఉల్లంఘించి ఇంటింటా నిలిచినది.

ఇక మేకు. మేకు అనగా గోడలో ఒక అంగుళం, బయట ఒక అంగుళం ఉండే ఇనుపవస్తువు అని నిఘంటుకారులు తేల్చివేయవచ్చు గాని, అద్దె ఇంట్లో అది ఒక హక్కు. ఇంటి యజమాని గోడకు మేకులు కొట్టరాదని మొదటి రోజే షరతు పెడతాడు. అంతకుముందు అద్దెకున్నవారు కొట్టిపోయిన ఒక్క మేకు మాత్రం ఆ షరతుకు ముందటిది గనుక చెల్లుతుంది. ఆ ఒక్క మేకు మీద వెంకట్రామా క్యాలెండరు, ఎరువుల కొట్టువారిది, బంగారం కొట్టువారిది, సహకార సంఘానిది, పిల్లవాడి ట్యూషనువారిది వరుసగా ఎక్కుతాయి. ఎవరి క్యాలెండరు పైన ఉండాలన్నది ఆ ఇంటి అంతర్గత రాజకీయం; బంగారం కొట్టువారి క్యాలెండరులో లక్ష్మీదేవి ఉన్నందున ఆమెను వెనక్కి నెట్టలేరు, వెంకట్రామా వెనక ఉంటే పాలలెక్క కుదరదు, ఎరువుల కొట్టులో అప్పున్నది. జనవరిలో కొత్తవి వచ్చినా పాతవి దిగవు, ఎందుకంటే వాటిమీద దేవతలున్నారు, దేవతలను చెత్తబుట్టలో వేయలేరు, కాలువలో కలిపే పని వచ్చే ఆదివారానికి వాయిదా పడుతూ ఉంటుంది. ఈ విధంగా ఏడెనిమిది సంవత్సరాల కాలం ఒకే మేకు మీద పొరలుపొరలుగా పేరుకుంటుంది. ఏప్రిల్ నాటికి మేకు తలవంచుతుంది, మే నెలలో ఫ్యాను గాలికి మొత్తం కాలచక్రం ఒక్కసారిగా దభాలున రాలిపడి, వెనకనుంచి పరీక్షల టైంటేబులు, ఎప్పుడో పోయిందనుకున్న రేషనుకార్డు నకలు బయటపడతాయి. అప్పుడు సుత్తి దొరకదు. రోకలిబండతో మేకును సరిచేసే దృశ్యం ఇంటి యజమాని కంట పడుతుంది. దీని తరువాతి పరిణామాలు అద్దెచట్టం పరిధిలోనివి, ఇక్కడ అనవసరం.

చెప్పవచ్చినదేమంటే, క్యాలెండరు ఎవరినీ భయపెట్టదు. అది గోడ ఎక్కేటప్పటికే అంకెలతో, వర్జ్యాలతో నిండి ఉంటుంది. దానిని కొత్తగా పాడుచేయగలవాడు లేడు. గుడ్లగూబ నోటుపుస్తకం నిర్మలంగా ఉండి మనిషిని అపరాధిని చేస్తుంది. నరసాపురంలో 1933లో పుట్టిన చిత్రకారుడు బాపు చేతిరాత శుభలేఖల మీదుగా, కొట్ల బోర్డుల మీదుగా గోదావరి జిల్లాలంతటా పరుచుకోవడానికి కూడా ఇటువంటి కారణమే ఉన్నదని తోస్తుంది. అచ్చు వంటి పొందికను వదిలి కాస్త వంగి, కాస్త తూలి నడిచే ఆ అక్షరాన్ని చూసినవాడికి తన చేతిరాత మీద కూడా కొంత ధైర్యం కలుగుతుంది.

ఈ భయానికి మూలం బడిలో ఉన్నది. అక్కడ ప్రతి విద్యార్థికీ రెండు పుస్తకాలు ఉండేవి. లెక్క తప్పినా, మాట తప్పినా ఫరవాలేనిది రఫ్ నోటు. మార్జిను గీసి, ఎర్ర సిరాతో శీర్షిక పెట్టి, కొట్టివేత లేకుండా ఎత్తిరాసి మాస్టారి సంతకానికి సమర్పించవలసినది ఫెయిర్ నోటు. జూన్ నెలలో ఖాకీ కాగితంతో అట్టలు వేసి లేబులు అతికించే యోగం రెండవదానికే. రఫ్ నోటు ఎవరూ చూడనిది గనుక అందులో మాస్టారి ముక్కు బొమ్మ, సినిమా హీరోల పేర్ల వెనుక మార్కులు, చుక్కలాట, పక్కబెంచీవాడితో రాతపూర్వకంగా సాగిన సంభాషణ, పిల్లలు పెడుతుందని దాచిన నెమలీక, సగంలో ఆగిన ఒక పద్యం ఉండేవి. వేసవి సెలవుల మొదటి వారంలో పాతపేపర్లవాడు వీధిలో కేక వేసినప్పుడు రఫ్ నోటులను కిలోల లెక్కన తూచి ఇచ్చి, ఫెయిర్ నోటులను మాత్రం మార్కులు వచ్చినవి గదా అని గుడ్డలో చుట్టి అటకెక్కించేవారు. అవి చాలా ఇళ్లలో ఇప్పటికీ ఉన్నవి. దించి దుమ్ము దులిపి పేజీలు తిరగవేసినవారికి గుండ్రటి అక్షరాలలో గుప్తుల స్వర్ణయుగం, కిరణజన్య సంయోగక్రియ కనబడతాయి. రాసిన పిల్లవాడు ఎక్కడా కనబడడు. వాడు కాటా మీద కూర్చుని ఎప్పుడో వెళ్లిపోయాడు.

కొల్లేరు సరస్సుకు కూడా పటం రూపంలో ఒక ఫెయిర్ నోటు ఉన్నది. 1999లో అభయారణ్యంగా ప్రకటించినప్పుడు ఐదవ కాంటూరు వరకు దాని హద్దు నిర్ణయమైనది. కాంటూరు అనగా సముద్రమట్టం నుంచి సమానమైన ఎత్తులో ఉన్న స్థలాలను కలుపుతూ పటం మీద గీసే గీత. ఆ గీత లోపలి చేపలచెరువుల గట్లను 2006లో కొట్టివేశారు. పటం మీద గీత ఒకేచోట ఉన్నది. బుడమేరు, తమ్మిలేరు పొంగిన ఏడాది సరస్సు ఉబ్బి, ఎండాకాలం కుంచించుకుపోయి, గీసిన గీతను కొట్టివేసి మళ్లీ గీస్తూనే ఉంటుంది. అక్కడి ఆటపాకలో గూడబాతులు మాత్రం ఏ పటాన్నీ సంప్రదించకుండా గూళ్లు కడుతున్నవి.

గుడ్లగూబ నోటుపుస్తకానికి విమోచనం కలిగే మార్గం ఒకటి ఉన్నది, అది పెళ్లి. చదివింపులు, అనగా వధూవరులకు బంధుమిత్రులు సమర్పించే నగదును, కానుకలను పేరూ ఊరూ సహా నమోదుచేసే క్రమం మొదలయ్యే వేళకు, ఎర్ర అట్ట పొడుగుపుస్తకం కొనడం ఎవరి పని అన్న విషయంలో బావగారికీ బావమరిదికీ మధ్య స్పష్టత లోపించినట్లు తేలుతుంది. కొట్లు కట్టేసి ఉంటాయి. ఎవరో ఇంటికి పరుగెత్తి బీరువా తెరిచి, అందులో నాలుగేళ్లుగా నిలదీస్తున్న పుస్తకాన్ని పట్టుకొస్తారు. మండపంలో గుడ్లగూబ ఏమిటని పెద్దత్తయ్యగారు కంగారుపడతారు. మిఠాయి పెట్టెలకు చుట్టిన ఖాకీ కాగితం విప్పి క్షణాలలో అట్ట వేయడంతో పక్షి కనుమరుగవుతుంది. తెల్లటి మొదటి పేజీకి నాలుగు మూలలా పసుపు పూసి, పైన 'శ్రీరస్తు' అని రాస్తారు; నాలుగేళ్లు ఎవరికీ చేతకాని పని అరనిమిషంలో అయిపోతుంది. పెన్ను మధ్యలో మొరాయిస్తే రంగు మారుతుంది, 516 కొట్టివేసి 1116 అవుతుంది, మార్జినులో కాఫీ ఒలుకుతుంది, రాసేవాడు భోజనానికి లేస్తే చేతిరాత మారుతుంది, ఎవరూ పట్టించుకోరు. ఆ రాత్రి లెక్క సరిచూసేవారికి పద్దొమ్మిదవ పేజీ అడుగున, ఆకివీడు వారి స్టీలు బిందెకూ భీమడోలు వారి గోడ గడియారానికీ మధ్య, వధువు స్నేహితురాళ్ల పేరిట ఈ పద్దు కనబడుతుంది: గుడ్లగూబ బొమ్మ నోటుపుస్తకాలు, 3.