టెన్నిస్ బాబాయి

సత్తెనపల్లిలో టెన్నిస్ బంతికి ఒకటే పని, క్రికెట్. గోడ మీద బొగ్గుతో మూడు గీతలు గీసి, కొబ్బరి మట్ట చేతపట్టిన రోజు నుంచీ మా కుర్రాళ్లకు ఆ పసుప్పచ్చ బంతి అంటే అయితే సిక్సరు, కాకపోతే పక్కింటావిడ తిట్లు. ఆ బంతికి వేరే ఆట ఒకటుందనీ, ఆ పేరు దానికి అందుకే వచ్చిందనీ గట్టిగా నమ్మే మనిషి నాకు తెలిసి ఒక్కడే. ఆయనే మా టెన్నిస్ బాబాయి.

ఇట్టాంటి బాబాయి ప్రతి ఊళ్లోనూ ఒకడుంటాడు. ఒక ఊళ్లో అమెరికా అధ్యక్షుడికి సలహాలిస్తుంటాడు. ఇంకో ఊళ్లో సినిమా ఎందుకు ఆడలేదో నిర్మాతకన్నా ముందే కనిపెడుతుంటాడు. మా బాబాయి శాఖ టెన్నిస్. అందులోనూ రిటైర్మెంట్ల విభాగం. ఏ ఆటగాడు ఎప్పుడు దిగిపోవాలో చెప్పడం ఆయన అసలు వృత్తి. మిర్చి కమీషన్ వ్యాపారం ఏదో టీ ఖర్చులకు.

వింబుల్డన్ జరిగే రెండు వారాలూ తెల్ల చొక్కా, తెల్ల పంచె తప్ప కట్టడు. మిగతా యాభై వారాలూ కట్టేది అవే గానీ, ఆ రెండు వారాలు మాత్రం రూలు ప్రకారం కడతాడు. పొద్దుగూకితే బస్టాండు ఎదురు టీకొట్టు దగ్గర చేతిలో దోమల బ్యాటుతో ప్రత్యక్షమవుతాడు. జీవితంలో టెన్నిస్ రాకెట్ ముట్టుకున్నవాడు కాదు. అయినా ఫెదరర్ ఒంటిచేతి బ్యాక్‌హ్యాండ్ ఎట్టా కొట్టేవాడో చూపించమంటే పంచె పైకి కట్టి, ఎడమ కాలు వెనక్కి తీసి, దోమల బ్యాటు ఝళిపిస్తాడు. చిటపటమని రెండు మెరుపులు. రెండు దోమలు దివంగతం. "చూశావా టైమింగు!" అంటాడు, ఆ దోమలు అటే వస్తాయని ముందే లెక్కగట్టినట్టు.

ఈ పిచ్చి 1985లో పట్టుకుంది. ఆ ఏడు పదిహేడేళ్ల బోరిస్ బెకర్ వింబుల్డన్ గెలిచాడు. మీసం రాని కుర్రాడు కప్పెత్తడం దూరదర్శన్‌లో చూసి బాబాయి మంచం మీంచి లేచి నిలబడ్డాడట. మరుసటేడు, అంటే 1986లో, వింబుల్డన్ వాళ్లు తెల్ల బంతులు తీసేసి పసుప్పచ్చ బంతులు తెచ్చారు. బాబాయి ఇంట్లో ఉన్నది బ్లాక్ అండ్ వైట్ టీవీ. ఆ మార్పు సంగతి ఆయనకు కలర్ టీవీ కొన్నాకే తెలిసింది. అప్పటిదాకా తెల్ల బంతి అని పందేలు కాసి ఎంత పోగొట్టుకున్నాడో మా పిన్ని దగ్గర లెక్క ఉంది.

టెన్నిస్ లెక్క మా ఊరికి అర్థమయ్యేట్టు చెప్పిన ఘనత మాత్రం ఆయనదే. ఓసారి ఓ కుర్రాడు అడిగాడు. "బాబాయ్, మొదటి పాయింటుకు పదిహేను, రెండోదానికి ముప్పై. మూడోదానికి నలభై అయిదు రావాల గదా, నలభై అంటారేంది?"

బాబాయి టీ గ్లాసు కింద పెట్టి నిమ్మళంగా అన్నాడు. "అయిదు తరుగు."

అంతే. కాటా దగ్గర తమ మిర్చి టిక్కీల్లోంచి కిలోలకు కిలోలు తరుగు పోగొట్టుకున్న రైతులు అక్కడ నలుగురున్నారు. నలుగురూ ఒకేసారి తలూపారు. తరుగు తీసేది ఆయన కొట్లోనే కాబట్టి, ఆ విద్య లండన్ దాకా పాకిందని బాబాయికి కాస్త గర్వం కూడా.

ఆటగాళ్లను ఆయన మిర్చి మచ్చు చూసినట్టే చూస్తాడు. కాయ విరిచి, గింజ చూసి, ముక్కు దగ్గర పెట్టుకుని గ్రేడు చెప్పినట్టు. "ఫెదరర్ బాడిగ రకంరా అబ్బాయ్. ఆ రంగు ఇంకోదానికి రాదు. నాదల్ తేజ. నోట్లో పెట్టుకుంటే తెలుస్తది. ఇరవై రెండు గ్రాండ్‌స్లామ్‌లు గెలిస్తే అందులో పద్నాలుగు ఒక్క పారిస్‌లోనే. జొకోవిచ్ ఏసీ సరుకు. ఎన్నాళ్లు కోల్డ్ స్టోరేజీలో పెట్టి తీసినా రంగు దిగదు." కొత్త పంటకూ గ్రేడులున్నాయి. అల్కరాజ్ మొదటి కోత కాయ. పంతొమ్మిదేళ్లకే 2022లో యూఎస్ ఓపెన్ గెలిచి నంబర్ వన్ అయ్యాడు. సిన్నర్ చిన్నప్పుడు మంచు మీద స్కీయింగ్ చేసేవాడు, తర్వాత టెన్నిస్‌కు మళ్లాడు. "పత్తి మానేసి మిర్చి వేసిన రైతు. రేటు కలిసొచ్చింది" అని బాబాయి వ్యాఖ్యానం.

ఫ్రెంచ్ ఓపెన్ అంటే ఆయనకు ప్రత్యేకాభిమానం. గుంటూరు మిర్చి యార్డుకు వేసవి సెలవులుండేదీ, పారిస్‌లో ఆట మొదలయ్యేదీ ఇంచుమించు ఆ మే నెలాఖరు రోజుల్లోనే. పారిస్ వాళ్లు యార్డు వాళ్లను కనుక్కునే తేదీలు పెట్టుకుంటారని ఆయన అనుమానం. పైగా ఆ కోర్టు ఎర్రగా, మిర్చి ఆరబోసిన కళ్లంలాగే ఉంటది. "ఇటుక పొడి కాబట్టి జారతన్నాడు నాదల్. మన నల్లరేగడిలో ఆడమను. వానొస్తే మోకాలు దిగబడుద్ది, ఎండొస్తే నెర్రెల్లో బంతి పోద్ది." 2025లో అల్కరాజ్, సిన్నర్ ఫైనల్ అయిదు గంటల ఇరవై తొమ్మిది నిమిషాలు నడిచింది. ఇక్కడ అర్ధరాత్రి దాటింది. మూడు ఛాంపియన్‌షిప్ పాయింట్లు కాచుకుని అల్కరాజ్ గెలిచేసరికి బాబాయి వేసిన కేకకు వీధి కుక్కలు లేచాయి, వాటి వెనక వీధి లేచింది.

"క్రికెట్ లేనిదే దేశం లేద"నే కుర్రాళ్లను నోరు మూయించడానికి ఆయన దగ్గర ఒక అస్త్రముంది. "హైదరాబాద్ సయ్యద్ మహమ్మద్ హాదీ పేరు విన్నార్రా? రంజీ ట్రోఫీలో మొట్టమొదటి సెంచరీ ఆయనది. అదే మనిషి 1924 పారిస్ ఒలింపిక్స్‌లో టెన్నిస్ ఆడాడు. ఏడాటలు వచ్చు గనక రెయిన్‌బో హాదీ అన్నారు. మీకు ఒక్కాటొచ్చు, అదీ గోడ మీద గీతల్తో."

ఇక అసలు శాఖ, రిటైర్మెంట్లు. ఇందులో బాబాయి సిద్ధాంతం మిర్చి వ్యాపారంలోంచే పుట్టింది: రేటు పలికినప్పుడే అమ్ముకోవాల. పీట్ సాంప్రాస్ ఆయన ఆరాధ్యదైవం. 2002 యూఎస్ ఓపెన్ ఫైనల్లో అగస్సీని ఓడించి పద్నాలుగో గ్రాండ్‌స్లామ్ తీసుకున్నాడు, మళ్లీ టూర్ పోటీలో రాకెట్ పట్టలేదు. "అదీ దిగడమంటే! గరిష్ట ధర పలికింది, లారీ ఎత్తాడు, ఇంటికెళ్లాడు." యాష్లీ బార్టీ 2022లో నంబర్ వన్‌గా ఉండి పాతికేళ్లకే మానేస్తే మాత్రం రెండ్రోజులు అన్నం సయించలేదు. "పిందె కోశార్రా" అని బాధపడ్డాడు. బోర్గ్ ఇరవై ఆరేళ్లకు మానేసి, ఎన్నో ఏళ్ల తర్వాత 1991లో మాంటెకార్లోలో పాత చెక్క రాకెట్‌తో మళ్లీ దిగి మొదటి రౌండులోనే ఓడాడు. దాని మీద తీర్పు: "ఎలక్ట్రానిక్ కాటాలొచ్చాక రాళ్ల తక్కెడ పట్టుకుని యార్డుకెళ్తే ఏమయిద్ది?" 2022లో సెరెనా విలియమ్స్ తనకు రిటైర్మెంట్ అనే మాటే నచ్చదనీ, తాను పరిణామం చెందుతున్నాననీ రాసింది. బాబాయికి నవ్వాగలేదు. "పరిణామమంట! గొంగళిపురుగా?"

ఆ ఏడు సెప్టెంబరులోనే లండన్ లేవర్ కప్‌లో ఫెదరర్ ఆఖరి మ్యాచ్ ఆడాడు. నాదల్ జోడీగా డబుల్స్, ఓడిపోయారు. పక్కపక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని ఇద్దరూ ఏడ్చారు. ఆ ఫొటో చూసి బాబాయి కూడా ఏడ్చాడు. మర్నాడు కొట్టు తీయలేదు. తలుపు మీద కాగితం అంటించాడు: "మా ఇంట అశుభం." సానుభూతికి వచ్చిన రైతులు ఎవరు పోయారో తెలీక పిన్నిని పరామర్శించి వెళ్లారు.

సానియా మీర్జా విషయంలో మాత్రం ఆయన మనసు మెత్తబడేది. 2005లో హైదరాబాద్ ఓపెన్ గెలిచి డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ పట్టిన తొలి భారతీయ అమ్మాయి అయిన రోజు నుంచీ ఆమె మన ఇంటి పిల్లే. ఆరు గ్రాండ్‌స్లామ్ డబుల్స్ టైటిళ్లు వేళ్ల మీద చెబుతాడు: మిక్స్‌డ్ మూడు, హింగిస్‌తో మూడు. 2022లోనే మానేస్తానంది, మోచేతి గాయం వల్ల సరిగ్గా ముగించలేక 2023 దాకా సాగింది. ఎల్బీ స్టేడియంలో వీడ్కోలు మ్యాచ్ పెట్టింది మార్చి 5న. మార్చి అంటే మిర్చి సీజను ముదిరిన కాలం. యార్డులో టిక్కీలు వదిలి హైదరాబాద్ ఎట్టా పోతాడు? "వీడ్కోళ్లన్నీ యార్డు సెలవుల్లో పెట్టుకోవాల" అని అప్పట్నించీ డిమాండు.

మనవాళ్లని ఎవరైనా తక్కువ చేస్తే ఊరుకోడు. ఉయ్యూరులో పుట్టిన సాకేత్ మైనేని 2014 ఆసియా క్రీడల్లో సానియాతో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణం తెచ్చాడు. 2016 యూఎస్ ఓపెన్‌లో క్వాలిఫైయింగ్ గెలిచి మెయిన్ డ్రాకు వెళ్లి, కండరాలు పట్టేసినా అయిదు సెట్లు పోరాడి ఓడాడు. "ఉయ్యూరంటే చెరుకు. పిప్పయ్యేదాకా రసం వదల్లేదు" అని బాబాయి ఆ ఓటమిని గెలుపు ఖాతాలో జమేశాడు. శ్రీవల్లి రష్మిక, సహజ యమలపల్లి పేర్లు ఎత్తితే "వీళ్లకి నీళ్లు పెట్టండ్రా, కాపుకొస్తారు" అంటాడు.

ఇట్టా అందరికీ ముహూర్తాలు పెడుతూ పెడుతూ జొకోవిచ్ దగ్గరికొచ్చాడు. 2023 యూఎస్ ఓపెన్‌తో ఇరవై నాలుగు గ్రాండ్‌స్లామ్‌లు పూర్తయ్యాయి, "చాలు, దిగు" అన్నాడు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో అల్కరాజ్‌ని ఓడించి స్వర్ణం కొట్టాడు, "ఇంకేం కావాలయ్యా, దిగు" అన్నాడు. జొకోవిచ్ దిగలేదు. సత్తెనపల్లి మాట బెల్‌గ్రేడ్‌లో చెల్లనందుకు బాబాయి నొచ్చుకున్నాడు.

ఇంతలో సంక్రాంతి వచ్చింది. విజయవాడలో టెన్నిస్ నేర్చుకుంటున్న పదకొండేళ్ల మనవరాలు సెలవులకొచ్చింది, నిజం రాకెట్లు రెండు తెచ్చుకుని. "తాతయ్యా, ఒక్క గేమ్" అంది. టీకొట్టు మొత్తం కళ్లానికి తరలింది. మిర్చి ఆరబోసిన పట్టాల పక్కన ఖాళీలో రెండు గుంజలు పాతి, గోనెసంచులు కుట్టి నెట్ కట్టాం.

బాబాయి రాకెట్ పట్టుకుని మొదటి మాట అన్నాడు: "ఇదేంది ఇంత బరువు?" దోమల బ్యాటుకూ దీనికీ తేడా ఆ క్షణాన తెలిసింది. సర్వ్ చెయ్యడానికి బంతి ఎగరేశాడు. బంతి దిగింది, రాకెట్ ఎక్కడో ఉంది. రెండోసారి తగిలింది, తాటాకు చూరు మీద పడింది. మనవరాలి వంతు వచ్చింది. ఆ పిల్ల కొట్టిన బంతి బాబాయి పక్కనుంచి వెళ్లినట్టు ఆయనకు చప్పుడు వల్ల తెలిసింది. బంతి వెళ్లి మిర్చి రాశిలో పడింది. ఆయన పరిగెత్తి, కాయల్లో కెలికి బంతి తీశాడు. ఆ తర్వాత, నలభై ఏళ్లు మిర్చిలో బతికిన మనిషి చెయ్యకూడని పని చేశాడు. ఆ చేత్తోనే కళ్ల మీద చెమట తుడుచుకున్నాడు.

కన్నీళ్లు ధారాపాతం. మనవరాలు పరిగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ పక్కపక్కన కళ్లం గట్టు మీద కూర్చున్నారు. అచ్చం లేవర్ కప్పే. ఫెదరర్ కన్నీళ్ల వెనక ఇరవై నాలుగేళ్ల ఆట ఉంది, బాబాయి కన్నీళ్ల వెనక తేజ రకం ఉంది, అంతే తేడా. పిన్ని మజ్జిగ తెచ్చి మొహాన కొట్టింది. అక్కడే, ఆ మజ్జిగ మొహంతోనే బాబాయి ప్రకటించాడు: "ఇక నేను టెన్నిస్‌లోంచి తప్పుకున్నా."

పెద్దబ్బాయి ఈ మాట కోసమే ఎన్నాళ్ల నుంచో కాచుక్కూర్చున్నాడు. "టెన్నిస్ సంగతి సరే నాన్నా. కొట్టు తాళాలు కూడా ఇచ్చెయ్. రేటు పలికినప్పుడే అమ్ముకోవాలని నువ్వేగా అంటావు. జొకోవిచ్ 1987లో పుట్టాడు, నువ్వు 1957లో. నీకన్నా ముప్పయ్యేళ్లు చిన్నోణ్ణి దిగమంటివి."

కళ్లంలో అందరూ బాబాయి మొహం వంక చూశారు. ఆయన మొలలో ఉన్న తాళాల గుత్తి మీద చెయ్యేసుకున్నాడు.

మర్నాడు టీకొట్టు దగ్గర కొత్త సిద్ధాంతం వెలువడింది. రోహన్ బోపన్న నలభై మూడేళ్లకు 2024 ఆస్ట్రేలియన్ ఓపెన్ డబుల్స్ గెలిచి నంబర్ వన్ కాలేదా? సరుకు మంచిదైతే ఏసీలో ఎన్నాళ్లుంచినా రేటు పలుకుద్ది. నిన్న తప్పుకున్నానన్నావు గదా అంటే: మన గుంటూరు క్రికెటర్ అంబటి రాయుడు 2019 జులైలో రిటైరై ఆగస్టులో వెనక్కి రాలేదా? 2022లో మళ్లీ రిటైరంటూ ట్వీటు పెట్టి తీసెయ్యలేదా? చివరికి 2023లో ఐపీఎల్ కప్పు పట్టుకునే గదా వెళ్లాడు. ఇంతకీ నువ్వు దిగుతున్నట్టా, లేదా బాబాయ్ అని నేను సూటిగా అడిగాను.

"నేను పరిణామం చెందుతున్నారా అబ్బాయ్" అన్నాడు.

తాళాల సంగతికీ ముహూర్తం పెట్టాడు. జొకోవిచ్ దిగిన రోజు తనూ దిగుతాడట. జొకోవిచ్ ఎప్పుడు దిగాలి? "ఇరవై నాలుగు దగ్గర ఎవడైనా లేస్తాడా? పాతిక నిండొద్దూ!"

అందుకని జొకోవిచ్ గారికి మా ఊరి తరఫున ఒక మనవి. అయ్యా, మీ ఆట మీ ఇష్టం. మీరు ఆడినంత కాలం మేం చూస్తాం. కాకపోతే ఆ ఇరవై అయిదోది ఏదో కాస్త త్వరగా కానివ్వండి. సత్తెనపల్లిలో నలభై రెండేళ్ల పెద్దబ్బాయి ఒకడు గల్లాపెట్టె పక్కన ముక్కాలి పీట మీద కూర్చుని, మీ ప్రతి మ్యాచూ మీ కోచ్‌కన్నా శ్రద్ధగా చూస్తున్నాడు.