గేర్ల పెద్దాయన

చిక్కడపల్లిలో పెంకుటిళ్ళు పోయి అపార్ట్‌మెంట్లు లేచాయిగానీ, ఒక జాతి మనిషి మాత్రం చెక్కుచెదరలేదు. ఇంజనీరుగా రిటైరై, పెన్షను ఒకటో తారీకున పడుతూ, పిల్లలు అమెరికాలో స్థిరపడి, చెవులు మాత్రం పాతికేళ్ళ కుర్రాడివిగా మిగిలిన పెద్దాయన. సందుకొకరు ఉంటారు. ఒకాయన నీళ్ళ మోటారు మీద పడతాడు, ఇంకొకాయన ఇన్వర్టరు మీద. మా సందు పెద్దాయన చేతికి అంబాసిడరు చిక్కింది.

ఈ జాతివాళ్ళు వస్తువు పాడైతే బాగుచేయించరు. అది అసలు పాడవాల్సిన అవసరమే లేకుండా చేయాలని చూస్తారు. ఆ మధ్యలో వస్తువు ఆగిపోతుంది, అది వేరే సంగతి.

ఆయన చదివింది సివిలు, ఉద్యోగం చేసింది కాలవల మీద. ఇంజన్ల మీద ఈ అధికారం ఎక్కడిదని అడగడం మర్యాద కాదు. త్యాగరాయ గానసభలో ముందు వరసలో తల పంకించేవాళ్ళంతా పాడగలరా? సాయంత్రం అక్కడ కచేరీలో శ్రుతి ఎక్కడ జారిందో పట్టిన చెవే, మర్నాడు పొద్దున బానెట్ దగ్గర నిలబడి తీర్పు చెప్పింది: "చైను పోయింది."

తీర్పు తప్పని అనలేం. అంబాసిడరు పాత 1489 సీసీ పెట్రోలు ఇంజన్లో క్రాంకు రెండు చుట్లు తిరిగేసరికి కామ్‌షాఫ్టు సరిగ్గా ఒక చుట్టు తిరగాలి. ఆ రెంటినీ కలిపేది టైమింగ్ చైను. చైను సాగిందని అంటారుగానీ ఇనుము ఎక్కడ సాగుతుంది? లింకుల్లో పిన్నులూ బుష్షులూ అరిగి, అరిగినంత మేర గొలుసు పొడుగవుతుంది. వాల్వులు ఆలస్యంగా తెరుచుకుంటాయి, బండికి లాగుడు తగ్గుతుంది, ముందు కవరు లోపల గలగలమని చప్పుడు. కొత్త చైనూ పళ్ళచక్రాలూ వేయిస్తే మళ్ళీ ఏళ్ళపాటు దాని జోలికి పోనక్కర్లేదు. మీరూ నేనూ అయితే అక్కడితో ఆగుతాం.

"మళ్ళీ అరిగేదాన్ని మళ్ళీ వేయడమేమిటయ్యా? లారీ డీజిలింజన్లో ఏముంటాయి? గేర్లు. బుల్లెట్‌లో కామ్‌లని తిప్పేవేమిటి? గేర్లు. అమెరికాలో రేసుకార్ల వాళ్ళు చైను పీకేసి ఏం పెట్టుకుంటారు?" ఆయన ప్రశ్నలన్నిటికీ జవాబు ఒకటే కాబట్టి ఎదుటివాడు తప్పు చెప్పే ప్రమాదం లేదు. అంబాసిడర్లు చేసే ఉత్తరపారా ఫ్యాక్టరీ 2014లో ఎందుకు మూతపడిందన్నా ఆయన దగ్గర కారణం ఒక్కటే. చైను.

మెకానిక్ ఉస్తాద్ ఓపిగ్గా విన్నాడు. విని, కాటన్ వేస్టుతో చేతులు తుడుచుకుంటూ అన్నాడు: "సాబ్, గొలుసుంటే రెండు చక్రాలూ ఒక్క దిక్కే తిరుగుతయి. పన్నుకు పన్ను తగిలిస్తే కామ్ ఉల్టా తిరుగుతది. ఆయిల్ పంపూ, డిస్ట్రిబ్యూటరూ దాని మీదనే నడుస్తయి. అవి భీ ఉల్టా. మరి బండి ఎట్ల?"

పెద్దాయన కొన్నాళ్ళు సందులో కనిపించలేదు. మనసు మార్చుకున్నాడని అందరం సంతోషించాం. ఆ జాతి గురించి తెలియక సంతోషించాం. ఓ ఆదివారం గ్రాఫు కాగితంతో దిగాడు. క్రాంకు గేరుకీ కామ్ గేరుకీ నడుమ మూడో గేరు! మధ్యవర్తి వస్తే దిక్కు మళ్ళీ సరిపోతుంది. నిజమే, లెక్క నిక్కచ్చిగా ఉంది. ఉస్తాద్ కూడా ఒప్పుకున్నాడు. ఒప్పుకుని, కవరు లోపలికి వేలు చూపించాడు. మూడో గేరుకి ఇరుసు దేనికి బిగించాలి? జాగా ఏదీ?

అయినా పెద్దాయన బాలానగర్ వెళ్ళాడు. అక్కడ గేర్లు కోసేవాళ్ళు ముందు అడిగేది "ఎన్ని పీసులు సార్?" అని. ఒక్క సెట్టు అనగానే టీ తెప్పిస్తారు. టీ తాగించి పంపేస్తారు.

అన్నిటికంటే పెద్ద చిక్కు చప్పుడు. పళ్ళ మధ్య సందు తక్కువైతే గేర్లు ఊళ పెడతాయి. ఎక్కువైతే బండి నిలబెట్టి ఇంజను ఆన్‌లో ఉంచినప్పుడు వాల్వు స్ప్రింగులు కామ్‌ని ముందుకీ వెనక్కీ నెడుతుంటే టకటకమంటాయి. అంటే గలగల వదిలించుకోడానికి ఊళ కొనుక్కోవాలన్నమాట. పూర్వం కొన్ని కార్లలో ఇందుకే ఫైబరు పళ్ళ గేరు వేసేవారు. చప్పుడు తగ్గేదిగానీ పళ్ళు రాలేవి. "మోగనీ. అది చప్పుడు కాదు, ఆధార షడ్జం," అన్నాడాయన. ఉస్తాద్‌కి షడ్జం అంటే తెలీదు, అదేదో స్పేరు పార్టనుకుని పుత్లీబౌలిలో అడిగి చూస్తానన్నాడు.

ఇప్పుడు కారు సందులో ముఖం విప్పుకుని నిలబడి ఉంది. క్రాస్ రోడ్స్‌లో పెద్ద సినిమా విడుదలైన రోజు కుర్రాళ్ళు దాని చుట్టూ బైకులు పార్క్ చేసుకుంటారు. వాళ్ళకీ పెద్దాయన గేర్ల గురించి చెబుతాడు. అందుకే మొదటి ఆటకి వాళ్ళెవరూ టైముకి చేరుకోరు.

వాళ్ళావిడ మాత్రం ఈ గొడవలోకి రాదు. 2020 ఫిబ్రవరి 7న చిక్కడపల్లి మీదుగా మెట్రో మొదలైనప్పటినుంచీ ఆవిడకి కారుతో పని లేదు. మొన్న చేతిసంచీ పట్టుకుని గుమ్మంలోంచే అడిగింది: "ఏమండీ, సుల్తాన్ బజారు వెళ్తున్నా. వస్తారా, ఆ ఇంజన్లో దూరి ఉంటారా?"

ఆయన ఎగిరి బయల్దేరాడు. రైలు కదలగానే కళ్ళు మూసుకుని, తల పంకించి, పక్క సీట్లో పుస్తకం తెరుచుకున్న అశోక్‌నగర్ కోచింగ్ కుర్రాడి మోచెయ్యి తట్టాడు.

"విన్నావా బాబూ? మోటారు నుంచి ఇరుసుకి గేర్లే! చైను లేదు. సరేగానీ, ఇది చెప్పు, కామ్‌షాఫ్టు ఒక చుట్టు తిరిగితే క్రాంకు ఎన్ని చుట్లు తిరుగుతుంది?"

కుర్రాడు పుస్తకంలోంచి తలెత్తకుండానే అన్నాడు: "ఆప్షన్లు చెప్పండంకుల్."