కీపరు గ్లౌజుల ఆత్మకథ

మలక్‌పేట గుఱ్ఱపుపందెముల మైదానమునకు కూతవేటు దూరమున, ఉద్యోగవిరమణ చేసిన ఒక బ్యాంకు గుమాస్తాగారి బీరువాలో నేడు విశ్రమించుచున్న మేము, ఒకప్పుడు హైదరాబాదు లీగు పోటీలలో స్టంపుల వెనుక నిలిచిన వికెట్‌కీపరు గ్లౌజులము. అరచేతివైపు పొక్కులు దేలిన రబ్బరు, వెలుపల తోలు, బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమ చిన్న అల్లిక, ఇదియే మా రూపము. మా యజమాని ఆటకు ముందు లోపలి పలుచని ఇన్నర్లను నీట తడిపి, పిండి, తొడిగికొని, ఆపైన మమ్ము ధరించెడివాడు. సాయంకాలము మమ్ము విడిచునప్పటికి ఆ వ్రేళ్లు వాచి, ఉదయము తీసిపెట్టిన ఉంగరము మరల ఎక్కెడిది కాదు.

కీపరు కష్టమిది: జట్టులో బౌలర్లకు నాలుగైదు స్థానములుండగా, వానికున్నది ఒక్కటే స్థానము. అందున్నవాడు కదలనిదే వెనుకనున్నవానికి త్రోవ లేదు.

మా యజమాని కాలమున హైదరాబాదు జట్టులో ఆ స్థానము పోచయ్య కృష్ణమూర్తిది. బ్యాంకు జట్టులో ఎంత పేరు తెచ్చుకొన్నను రాష్ట్రపు జట్టు గడప త్రొక్కలేకపోయిన మావాడు, తన త్రోవ కడ్డముగా నిలిచిన ఆ మనుష్యునే గురువుగా భావించి, సెలవు దొరికినపుడెల్ల ఫతేమైదానునకు పోయి, ముంతాజ్ హుస్సేన్ ఎడమచేతి స్పిన్నుకు ఆయన స్టంపులను ఆనుకొని కూర్చుండు తీరును, బంతి లేచిన తరువాతనే తానును లేచు ఓర్పును కన్నులార చూచి వచ్చెడివాడు. మఱునాడు మ్యాటింగుపై ఆ ఓర్పును మాకు నేర్పెడివాడు.

అట్టి కృష్ణమూర్తికిని భాగ్యము నిలువలేదు. 1971లో వాడేకర్ నాయకత్వమున భారతజట్టు వెస్టిండీస్‌పై మొట్టమొదటి సిరీస్ విజయము సాధించినపుడు, ఐదు టెస్టులందును బేడీ, ప్రసన్న, వెంకటరాఘవన్‌ల బంతులను అందుకొన్నవి ఈ హైదరాబాదీ చేతులే. ఆ సిరీస్ గవాస్కర్ 774 పరుగుల పేర లోకమునకు జ్ఞాపకమున్నది; ఉండదగినదే. కాని కృష్ణమూర్తి బ్యాటుతో చేసినవి 33 పరుగులే యగుటచే కాబోలు, ఆయన పేరు ఆ కథలో అడుగున పడిపోయినది. ఆ వేసవిలోనే ఇంగ్లండు పర్యటనలో టెస్టు గ్లౌజులు ఫరూఖ్ ఇంజనీరు చేతికి పోయినవి. అటుపిమ్మట కిర్మానీ వచ్చెను. 1976లో న్యూజిలాండుపై ఆడిన ఒక్క వన్డేతో కృష్ణమూర్తి అంతర్జాతీయ క్రీడ ముగిసెను. 1999లో ఆయన కన్నుమూసినారన్న వార్త చదివిననాడు మా యజమాని బీరువా తెఱచి, మమ్ము చాలసేపు ఒడిలో నుంచుకొనెను.

స్కోరుకార్డు కీపరుకు క్యాచ్‌లను, స్టంపింగులను మాత్రమే జమకట్టును. దినమంతయు బంతిబంతికిని కూర్చుండి లేచిన మోకాళ్ల శ్రమ కందులో గడి లేదు. జారిన క్యాచ్ మాత్రము గ్యాలరీకి ఏండ్లతరబడి జ్ఞాపకముండును. ఇది అన్యాయమని మా దృఢాభిప్రాయము. పాఠకులారా, మీరు ఈసారి జింఖానాకో, ఉప్పల్‌కో ఆట చూడబోయినపుడు, ఒక్క ఓవరుసేపైనను బ్యాట్స్‌మన్‌ను విడిచి, కీపరు చేతులను చూడుడు.