‘పొద్దున్నే లేస్తే’ అను వాక్యానికి టీకా తాత్పర్యాలు

మూలం: “రేపు పొద్దున్నే లేస్తే సరస్సు చూసుకొని, చుట్టుపక్కల పాయింట్లన్నీ చూసి, చీకటిపడేలోగా గదికి వచ్చేయొచ్చు.”

అవతారిక: అవతారిక అనగా మూలంలోని మాటను ఎవరు, ఎవరితో, ఏ సందర్భంలో అన్నారో ముందుగా తెలిపే భాగం. పళని కొండల్లో సుమారు 7,000 అడుగుల ఎత్తున ఉన్న కొడైకానల్‌కు వేసవి సెలవుల్లో చేరుకొని, మంకీ క్యాపు తీయకుండానే దుప్పట్లో దూరిన ఇంటి యజమాని తన తల్లిని, భార్యను, పిల్లలిద్దరినీ ఉద్దేశించి పలికిన వాక్యమిది.

టీక: ‘లేస్తే’ అనునది చేదర్థకం, అనగా ఒక పని జరిగితేనే రెండవది జరుగునని తెలిపే క్రియారూపం. ఇందులో కర్త లేడు కనుక అధ్యాహారం చేయవలెను, అనగా లోపించిన పదాన్ని సందర్భాన్ని బట్టి తెచ్చి కలుపుకోవలెను. వక్త ‘మీరు’ అని కలుపుకొనగా శ్రోతలు నలుగురూ ‘నువ్వు’ అని కలుపుకొందురు. ఐదుగురికి ఒక్క గీజరున్న గదిలో తెల్లవారుజామున రేగే వివాదానికి ఈ అన్వయభేదమే కారణం.

‘సరస్సు’ అనుచోట వక్త తల్లి లేవదీసిన పూర్వపక్షం, అనగా సిద్ధాంతానికి ముందు వినిపించే ఎదుటివాదం, ఒకటున్నది: “కట్టేసి నీళ్లాపితే మనూళ్లో దాన్ని చెరువంటార్రా.” నక్షత్రంలా కొమ్మలు చాచి దాదాపు 60 ఎకరాల్లో పరచుకొన్న ఈ జలాశయం, మదురై కలెక్టరుగా పనిచేసిన సర్ వియర్ హెన్రీ లెవింజ్ 1863లో వాగునీటికి అడ్డుకట్ట వేయించగా ఏర్పడినదే కావున, చరిత్రను బట్టి ముసలమ్మ వాదమే నిలుచును. అయినను చెరువు చూడటానికి ఇంత దూరం వచ్చామని ఒప్పుకొంటే గది అద్దెకు సమాధానం చెప్పలేరు గనుక, లోకవ్యవహారంలో ‘సరస్సు’ అనియే గ్రహించవలెను.

‘పాయింటు’ పారిభాషిక పదం, అనగా ఒక వృత్తివారి వాడుకలో ప్రత్యేకార్థం పొందిన మాట. ట్యాక్సీ ఆగగానే డ్రైవరు తాను దిగకుండా “ఇరవై నిమిషాలు సార్” అను స్థలమని దీనికర్థం. లెఫ్టినెంట్ కోకర్ 1872లో కొండ అంచున వేయించిన కాలిబాటయు, 1991 నాటి కమల్ హాసన్ చిత్రం వల్ల డెవిల్స్ కిచెన్ అను పాతపేరు మరుగునపడిన గుణ గుహలును ఈ కోవలోనివే.

‘చూసి’ అనుపదం మాత్రం నిలిచి విచారింపదగినది. 122 మీటర్ల ఎత్తైన మూడు రాతిస్తంభాలున్న పిల్లర్ రాక్స్ వద్ద మంచు కమ్ముకొన్నప్పుడు, స్తంభాలే కాదు, ఎదుటి కంచె కూడా సరిగా కనబడదు. ముఖ్యార్థం పొసగనిచోట దానికి దగ్గరి అర్థాన్ని గ్రహించుటను లక్షణ అందురు గనుక, ఇక్కడ ‘చూసి’ అనగా ‘టికెట్లు కొని, తెల్లని పొగమంచుకు వీపు చేసి, వరుసగా నిలబడి ఫొటో దిగి’ అని చెప్పుకోవలెను. పిల్లలు ఈ అర్థాన్నే ముఖ్యార్థంగా భావించుట కలదు.

‘వచ్చేయొచ్చు’ అనుటకు ‘వచ్చేయాలి’ అని పాఠాంతరం. ఇది ఇల్లాలిది, చలికోట్లు గదిలోనే మరచిన సంగతి ఆమెకొక్కర్తెకే తెలియును.

తాత్పర్యం: పొద్దున్నే, అనగా పదిన్నరకు బయలుదేరి, పాయింట్లన్నీ ముగించుకొని వచ్చేసరికి పడవల కౌంటరు మూసివేయగా, యజమాని మూసిన కిటికీ ముందు నిలబడి వేళలు చదువుచుండునని, పిల్లలు కారం రాసిన మొక్కజొన్నపొత్తులు తినుచుందురని, ముసలమ్మ ఒడ్డున బల్లమీద కూర్చుండి తీరికగా చెరువు చూచుచుండునని భావము.